ఊరి కుక్కలకు మా ఇంటి తాడు

మా కోడలు సర్కారు బడిలో టీచరు. ఇంటి దగ్గర వేటకుక్కలను ఈనించి, కూనలను సాకి, కావాలన్నవాళ్లకు ఇస్తుంది. ఈ రెండు పనులూ ఒక్క మనిషి, అందులోనూ ఆడమనిషి చేయడం మా ఊరివాళ్లకు మొదట వింత, తర్వాత నవ్వులాట. కిరాణా దుకాణం దగ్గర నన్ను చూస్తే చాలు, ఎవరో ఒకరు కదిలించేవాళ్లు.

"ఏం అవ్వా, మీ టీచరమ్మ ఈసారి ఏ కుక్కకు పెండ్లి చేస్తుంది?"

"ముందు నీ కొడుక్కు పిల్లను చూస్కో. దొరికితే అదే పందిట్ల చేపిస్త" అనేదాన్ని.

ఎవరి దగ్గరా మాట పడి ఊరుకునే రకం కాదు నేను. కానీ ఇంటికొచ్చాక ఆ కోపమంతా కోడలి మీద గొణిగేదాన్ని. కుక్కలంటే నాకు ఇష్టం లేదు. బర్రె తింటే పాలిస్తుంది, కోడి తింటే గుడ్డు పెడుతుంది. కుక్క తిని మన మొహం చూస్తుంది. బియ్యం కడిగిన నీళ్లు కూడా పారబోయకుండా బర్రె కుడితిలో కలిపే ఇల్లు మాది. అలాంటి ఇంట్లో కుక్కల కోసం రోజూ జొన్న సంకటి కెలికితే నా ప్రాణం ఎట్లుంటుందో మీరే అనుకోండి.

మా ఊరు ధరూర్ మండలంలో, కృష్ణ ఒడ్డు వైపు. కోడలి పుట్టిల్లు అయిజ దాటి ఇంకా అవతల, కన్నడం సగం తెలుగు సగం మాట్లాడే పల్లె. వాళ్లు గొర్రెల మంద ఉన్నవాళ్లు. మంద వెంట సన్న నడుము, పొడుగు మూతి, గాలికి ఊగిపోతాయేమో అనిపించే కాళ్లున్న కుక్కలు తిరిగేవి. తోడేలు వస్తే ముందు పరుగెత్తేవి అవే. పెళ్లయి మా ఇంటికి వచ్చిన నాడు సామాను ట్రాక్టరు దిగుతుంటే కొంగు కింద నుంచి ఒక కూన మూతి బయట పెట్టింది.

"గిన్నెలు లోపల పెట్టు, దాన్ని బయట పెట్టు" అన్నాను. నేను ఆమెతో మాట్లాడిన మొదటి మాట అదే.

ఆమె గిన్నెలు లోపల పెట్టింది. కూనను బయట పెట్టింది. తర్వాత తానూ పోయి దాని పక్కన కూర్చుంది. పెళ్లికూతురు అరుగు మీద కుక్కపిల్లతో కూర్చుంటే చూడడానికి ఊరు ఊరంతా వచ్చింది. చివరికి నేనే లోపలికి పిలవాల్సి వచ్చింది, ఇద్దరినీ.

ఆ తర్వాత వాళ్ల నాయన పోయాడు. అన్నదమ్ములు మందను అమ్ముకుని పట్నం దారి పట్టారు. ఆ ఇంటి కుక్కల సంతతి అక్కడ ఎవరి దగ్గరా మిగలలేదు. మిగిలింది మా కోడలి దగ్గరే. నేను ఇప్పుడు చెప్పబోయే తల్లికుక్క, ఆనాడు కొంగు కింద వచ్చిన కూనకు మనుమరాలు. బూడిద రంగు, మెడ కింద తెల్లమచ్చ. ఆమె నాయన చేతి కుక్కల్లో ఆఖరిది అదే. మా దగ్గర ఇంకో ఆడది లేదు. అది పోతే ఆ వరుస అక్కడితో తెగిపోతుంది. ఇది మా ఇంట్లో అందరికీ తెలుసు. నాకు కూడా తెలుసు.

కూనలను ఇచ్చే పద్ధతి ఆమెకు వేరుగా ఉండేది. ఒక ఈత ఈనితే తర్వాతి అదనుకు మగదానితో కలపదు, ఒళ్లు తేరుకోవాలంటుంది. వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు రైతులు పల్లీ చేలను అడవిపందులు తవ్వేస్తున్నాయని కుక్కల కోసం వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లను ముందు కూర్చోబెట్టి జొన్నరొట్టె ముక్క చేతికిచ్చేది. దాన్ని వాళ్లు నమిలి, ఆ ముద్ద కూన నోట్లో పెట్టాలి. వాళ్ల నాయన అట్లాగే చేయించేవాడట. ఎంగిలి తిన్న కుక్క ఆ మనిషిని విడవదంటారు. ప్యాంటు షర్టు వేసుకొచ్చినవాళ్లు కొందరు మొహం చిట్లించేవాళ్లు.

"గిదేంది మేడం, నమిలింది పెట్టాల్నా?"

"నీ ఎంగిలి దానికి అసయ్యం లేదు. దాని మూతి నీకు అసయ్యమైతే పిల్ల నీకెందుకు?" అనేది. వాళ్లు తలొంచుకుని నమిలేవాళ్లు. అట్లాంటప్పుడు మాత్రం కోడలు నాకు నచ్చేది.

ఇంకొక పద్ధతి మెడతాడు. నల్లగొర్రె బొచ్చును వేళ్లతో పేని తాడు చేసి, తన ఇంటి కుక్కల మెడకు కట్టేది. కూనను ఇచ్చేటప్పుడు ఆ తాడు విప్పి తాను ఉంచుకుంటుంది. కొన్నవాళ్లు వాళ్ల ఇంటి తాడు కట్టుకోవాలి. నల్లతాడు ఉందంటే అది మా ఇంటి కుక్క, అంతే.

బడి సంగతి కూడా చెప్పాలి. ముందు ఆమెకు పెద్దమందడి దగ్గర పోస్టింగు. పొద్దున బస్సుకు పోతే పొద్దుగూకి వచ్చేది. తర్వాత మా ఊరికే బదిలీ అయింది. ఇద్దరు టీచర్ల బడి. మా దిక్కు సీడు పత్తి, అంటే విత్తనాల కోసం వేసే పత్తి, ఎక్కువ. మొగ్గలు గిల్లి, ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు అద్దే పని. ఆ పనికి చిన్న వేళ్లు కావాలని పిల్లలను చేలకు తోలుతారు. ఆ కాలం వచ్చిందంటే బడిలో బెంచీలు ఖాళీ. నేను మూడో తరగతితో ఆగిందీ ఇట్లాంటి పనికే, అప్పుడు పత్తి కాదు, వేరుశనగ. అందుకని పిల్లలను చేల నుంచి గుంజుకొచ్చే విషయంలో నేను కోడలిని ఏనాడూ ఆపలేదు.

ఆమె తల్లికుక్కను వెంటేసుకుని చేల గట్ల మీద పోయేది. తల్లిదండ్రులతో మాట్లాడేది. కుక్క పత్తిసాళ్లలో దూరి పిల్లల చేతులు నాకేది. పిల్లలు టీచరమ్మ మాటకు కదలకపోయినా కుక్క వెంట కదిలేవాళ్లు. ఒక తండ్రి నాతోనే అన్నాడు:

"అవ్వా, మీ కోడలు బడి పెట్టిందా, గొర్ల మంద పెట్టిందా? కుక్కను తోలి పిల్లల్ని కొట్టంల ఏస్తుంది గదా!"

"ఏస్తే ఏసింది. నీలెక్క ఏలిముద్ర పెట్టకుండ బతుకుతరు" అన్నాను.

బడికి సంచులు లేకుండా వచ్చే శనివారం ఉంటుంది. ఆ రోజు చేతిపనులు నేర్పాలి. కోడలు వాళ్ల నాయన పాత గొంగడి ఒకటి తీసుకుపోయి, దాని పోగులు విప్పించి, పిల్లలకు ఉన్నితాడు పేనడం నేర్పింది. గొంగడి చిరిగినా కప్పుకోవడానికి పనికొస్తుంది కదా అని నేను సణిగాను. వినలేదు. బడిపిల్లలంతా తాడు పేనడంలో ఆరితేరారు. మిగిలిన ఉన్ని బడి అలమారాలో ఉండిపోయింది.

ఇట్లా ఉండగా మా ఊర్లో ఒక చిన్నపిల్లను వీధికుక్క కరిచింది. రేషన్ దుకాణం ముందు, చెంప మీద. గద్వాల దవాఖానకు ఉరికించారు. బతికింది కానీ చెంప నిండా కుట్లు. ఊరంతా భగ్గుమంది. కొత్తగా గెలిచిన సర్పంచి పంచాయతీ ఆఫీసు ముందు అందరినీ కూర్చోబెట్టాడు. బయట నుంచి కుక్కలు పట్టేవాళ్లను పిలిపిస్తానన్నాడు.

ఆ పిల్ల తల్లి లేచి నేరుగా మా కోడలి ముందుకొచ్చింది.

"టీచరమ్మా, నీకు కుక్కలంటే పానం. నా బిడ్డ మొఖం జూడు. జూసి చెప్పు, ఏం చేద్దామో."

మా కోడలు ఆ పిల్ల మొహం చూసింది. కరిచింది మా కుక్క కాదు. అయినా ఆ మాట ఆమె నోటి నుంచి రాలేదు. చివరికి సర్పంచితో అన్నది ఇదే:

"నా కుక్కలు గేటు లోపలే ఉంటయి. తల్లికుక్క ఒక్కటి పొద్దున ఇంత సేపు బయటికి పోయి వస్తది, కూనలున్న కాడ అది గలీజు చేయదు. దాని మెడకు నల్లతాడు ఉంటది. తాడున్నదాన్ని ఇడిచిపెట్టమని చెప్పుండ్రి. మిగిలినవాటి సంగతి... మీ ఇష్టం."

"సరే మేడం. తాడున్నది మీది. తాడు లేనిది మాది" అన్నాడు సర్పంచి. నలుగురూ నవ్వారు.

తల్లికుక్క అప్పటికి ఈని ఉంది. కూనలు కళ్లు తెరిచి తప్పటడుగులు వేస్తున్నాయి. పాలు తప్ప ఇంకేమీ ముట్టని ఈడు.

తర్వాత ఒక పొద్దున నేను పెరట్లో పప్పు కడుగుతున్నాను. మా ఎదురింటావిడ, ఇంటి వెనక మేకలు కట్టేసుకునే మనిషి, రొప్పుకుంటూ వచ్చింది.

"అక్కా, కుక్కలోళ్ల బండి వచ్చి పోయింది. మీ దాన్ని గూడ ఎత్తుకపోయిన్రు."

"మతి ఉందా నీకు? దానికి తాడుంది."

"అన్నిటికీ ఉంది అక్కా!"

నాకు అర్థం కాలేదు. ఆమె కూలబడి చెప్పింది. బండివాళ్లు మొదటి కుక్కను పట్టబోతే మెడకు నల్లతాడు. వదిలేశారు. రెండోదానికీ తాడు. చింతచెట్టు కింది కుంటికుక్కకూ తాడు. గజ్జిపట్టి బొచ్చూడినదానికి కూడా మెడలో కొత్త తాడు, కుచ్చు వేలాడుతూ. బండిమనిషి తల పట్టుకుని సర్పంచికి ఫోను కొట్టాడు. సర్పంచి ఏదో పెళ్లి మీద గద్వాలలో ఉన్నాడు.

"'ఊరి కుక్కలన్నీ టీచరమ్మవేనా సారూ, ఏం జేయమంటవు' అని వాడు అడిగిండు అక్కా. ఫోన్ల సర్పంచి మొత్తుకునుడు నాకే ఇనబడింది. 'పరాచకాలా! తాడు లేదు, గీడు లేదు, అన్ని ఎత్తుండ్రి' అన్నడు. గప్పుడే మీది చెరువుకట్ట దిక్కు నుంచి వస్తుంది. ఉరకనన్న ఉరకలే. మనుషులంటే భయం లేకపాయె దానికి, వాని దగ్గరికే నడిచిపోయింది. నేను 'అది మా ఊరి మేడంది' అని అరిసిన. 'అవ్వా, అందరు గదే అంటరు' అన్నడు."

పప్పు గిన్నె అక్కడే వదిలి బడికి నడిచాను. రెండో సారు మండలంలో మీటింగుకు పోయాడు. బడిలో మా కోడలు ఒక్కతే, అన్ని తరగతుల పిల్లలను ఒక్క గదిలో కూర్చోబెట్టుకుని ఉంది. నేను గడప దగ్గర నిలబడ్డాను. నా మొహం చూసి సుద్దముక్క బల్ల మీద పెట్టి బయటికొచ్చింది.

చెప్పాను.

"తాడు ఉంది గదా అత్తమ్మా."

"అన్నిటికీ ఉందంట. ఊర్ల కుక్కలన్నిటికీ. ఎవరు కట్టిన్రో..."

నా మాట పూర్తి కాకముందే గదిలో నుంచి ఒక ఆడపిల్ల, ముందు బెంచీది, చెవి ఒగ్గి వింటున్నట్టుంది, లేచి నిలబడింది. మొహం వెలిగిపోతోంది.

"మేడం, మేమే కట్టినం! మీరు చెప్పిన్రు గదా, నల్లతాడు ఉంటే ఇల్లున్న కుక్క అని, పట్టరని. నిన్న బడి అయినంక అలమారాల ఉన్ని తీసి అందరం పేనినం. గజ్జికుక్కకు నేనే కట్టిన మేడం, అది కరవలే."

"నేను కుంటిదానికి!" అని ఇంకొకరు. "నేను మూడింటికి!" అని వెనక నుంచి. ఒకరి మీద ఒకరు లేచి చెప్పుకుంటున్నారు. ఒక్కరికీ బండి వచ్చిపోయిందని తెలియదు. టీచరమ్మ 'శభాష్' అంటుందని వాళ్ల చూపంతా ఆమె మీదే.

కుక్కలు పట్టే బండి వస్తుందని పిల్లలు ఏడుస్తుంటే, వాళ్ల గుండె కుదుటపడడానికి, మన బడికొచ్చే కుక్కకు తాడుంది, దాన్ని ఏం చేయరు అని ఆమె చెప్పిందట. తర్వాత నాతో చెప్పింది. ఆ మాటే పట్టుకున్నారు వాళ్లు. అయినా తాడంటే ఏమిటో వాళ్లకు నేర్పింది ఆమే, పేనడం నేర్పింది ఆమే. తప్పు చేశారని ఎట్లా అంటుంది?

నేనైతే అనేదాన్ని. నోటిదాకా వచ్చింది. ఆమె నా చేయి గట్టిగా పట్టుకుంది. పెళ్లయిన నాటి నుంచి ఆమె నన్ను అట్లా పట్టుకోవడం అదే మొదలు.

"ఇంటికి పోండి అత్తమ్మా. కూనలు ఆకలికి ఉంటయి. నేను బెల్లు కొట్టినంక వస్త."

"ఇప్పుడు పోతే బండి దొరుకుతదేమో పిల్లా! ఫోన్ జెయ్యి, సర్పంచిని అడుగు..."

"వీళ్లను ఇడిచి ఏడికి పోవాలె? సారు లేడు. చిన్నపిల్లలు. ఫోన్ చేస్త. మీరు పోండి."

లోపలికి పోయి ఎక్కాలు చెప్పించడం మొదలుపెట్టింది. గేటు దాటేదాకా ఆ గొంతు వినబడుతూనే ఉంది. అట్లా ఎట్లా చెప్పగలిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. నా కొడుకు పత్తిచేను నుంచి మోటారుసైకిలు మీద బండి వెనక ఉరికాడు కానీ, అది ఏ దారిన పోయిందో చెప్పేవాళ్లు లేరు. సర్పంచి ఫోను ఎత్తి, "మేడం, ఎక్కడ ఇడిచిపెట్టిన్రో నాకే తెల్వదు, గుట్టలకాడ అన్నరు" అని పెట్టేశాడట.

ఇక్కడ కూనలు తల్లి పడుకునే గోనెపట్టా మీద మూతులు రాస్తూ కుయ్యో కుయ్యో అంటున్నాయి. ఎదురింటావిడ మేకపాలు పిండి ఇచ్చింది. దూదిని పాలలో ముంచి ఒక్కొక్కదాని నోట్లో పిండాను. దూదిని పీకి మింగబోయేవి. అది బాగులేదని పాత రుమాలు అంచు చింపి చుట్టాను. ఒళ్లంతా పాలు. కుక్కపిల్లను ఒళ్లో పెట్టుకుంటానని ఏనాడూ అనుకోలేదు. ఇష్టంతో పెట్టుకోలేదు. ఆకలితో ఉన్నదాన్ని ఊరికే చూస్తూ కూర్చోవడం మా ఇంట్లో లేదు.

రెండు రోజులకు పెద్దమందడి నుంచి ఫోను వచ్చింది. అక్కడ ఆమెతో పనిచేసిన టీచరమ్మ. వాళ్ల ఊరి గుట్ట దగ్గర ఎవరో కుక్కలను కుమ్మరించిపోయారని, వాటి మెడల్లో నల్లతాళ్లు చూసి నువ్వు గుర్తొచ్చావని చెప్పింది. మరునాడు ఆదివారం. నా కొడుకును కూనల దగ్గర ఉంచి, నేనూ కోడలూ ట్రాలీ ఆటోలో బయలుదేరాం. ఒంటరిగా పంపడానికి నాకు మనసొప్పలేదు.

కృష్ణ దాటాం. ఆ తర్వాత లారీలు ఊపిరి తీసుకోనీయకుండా పోయే పెద్ద రోడ్డు దాటాం. దారిపొడుగునా ఆమె రోడ్డు పక్కనే చూస్తూ కూర్చుంది. నేనూ అటే చూశాను. ఎందుకు చూస్తున్నామో ఇద్దరం పైకి అనుకోలేదు.

గుట్ట దగ్గర ఆటో దిగామో లేదో గొర్రెలు కాసే ఒక పెద్దమనిషి కర్ర ఊపుకుంటూ వచ్చాడు.

"మీరేనా, మీ ఊరి దరిద్రమంతా మా మీద పడేసింది? నిన్న ఒక గొర్రెపిల్లను పట్టినయి. ఇయ్యాల ఇంకెన్ని తింటయో!"

"మేం పడేయలే మామా. మాది ఒకటి పోయింది, దానికోసం వచ్చినం" అంది కోడలు. "బూడిద రంగు. సన్న నడుము. మెడకింద తెలుపు."

ఆయన జవాబు చెప్పకముందే రాళ్ల మధ్య నుంచి ఒక కుక్క వచ్చింది. గజ్జిది. కోడలిని చూసి తోక ఊపింది. ఆ వెనక కుంటిది. తర్వాత ఇంకొన్ని. అన్నిటి మెడల్లోనూ తాళ్లు. కొన్ని తాళ్లు వదులుగా, కొన్నిటికి రంగు దారం కలిపి పేనారు, ఒకదానికి పిల్లల జడరిబ్బను కూడా ముడి వేసి ఉంది. అన్నీ మధ్యాహ్నం బడి దగ్గర మిగిలిన అన్నం తిన్న కుక్కలే. మనుషుల్లో తెలిసిన మనిషి దొరికినట్టు ఆమె చుట్టూ మూగాయి. ఆమె చేతులు ఊరికే వాటి తలల మీద ఉన్నాయి. కళ్లు మాత్రం రాళ్ల మీదే.

"బా... బా..." అని పిలిచింది. కన్నడంలో రమ్మని. వాళ్ల నాయన మందలో పిలిచే పిలుపట. తల్లికుక్కకు తప్ప ఇంకే కుక్కకూ ఆ పిలుపు తెలియదు. గుట్ట చుట్టూ తిరిగి పిలిచింది. గొంతు పోయేదాకా పిలిచింది. నేను ఒక బండ మీద కూర్చున్నాను.

గొర్రెల పెద్దమనిషి కర్ర దించాడు. కోపం కూడా దిగింది.

"బిడ్డా, జర ఇను. సన్నపుది ఒకటి ఉండె. తలుపు తీసిందే సాలు, కింద పడ్డట్టు దుంకి, బండి వచ్చిన దారిలనే వాపసు ఉరికింది. ఆగనే ఆగలే. మా కుక్కలు ఎంబడి పడితే గూడ దొరకలే. గంత ఉరుకుడు నేను సూడలే."

"ఏ దిక్కు?"

ఆయన కర్రతో చూపించాడు. మేము వచ్చిన దిక్కే. పెద్ద రోడ్డు దిక్కు, ఆ తర్వాత కృష్ణ.

కోడలు ఆ దిక్కు చూస్తూ నిలబడింది. "పాలు చేపుకొచ్చి ఉంటయి అత్తమ్మా. ఆగలేకపోయి ఉంటది" అంది.

ఆటోలో కుక్కలు ఎక్కడానికి చూశాయి. కుంటిది ముందుకాళ్లు పెట్టేసింది కూడా. డ్రైవరు కోడలి మొహం చూశాడు. ఆమె నా మొహం చూసింది.

"తీసుకపోతే ఆ చెంప కుట్ల పిల్ల తల్లికి ఏం చెప్తవు?" అన్నాను. గట్టిగానే అన్నాను.

ఆమె కుంటిదాని కాళ్లు మెల్లగా పట్టుకుని కిందికి దించింది. నేను తెచ్చుకున్న రొట్టెలన్నీ తుంచి వేసింది. ఆటో కదిలితే కొంతదూరం వెంటపడ్డాయి. వెనక్కి తిరిగి చూడలేదు ఆమె. నేను చూశాను.

వచ్చేటప్పుడు పెద్ద రోడ్డు దగ్గర ఆటో ఆపించి రెండు దిక్కులా చాలాదూరం నడిచింది. టీ కొట్టువాళ్లను, టైర్ల దుకాణం పిల్లలను అడిగింది. ఏమీ కనబడలేదు. మంచిదే అనుకున్నాను, కనబడలేదంటే అక్కడ పడిపోలేదు. నది దగ్గరా ఆగాం. అక్కడా ఏమీ లేదు. అది ఇంటికి చేరలేదు. ఆ రోజూ రాలేదు, ఆ వారమూ రాలేదు. రోజూ పొద్దున కోడలు లేవగానే ఊరి బయటిదాకా పోయి వచ్చేది. బడికి పోయేటప్పుడు దారి మార్చి చెరువుకట్ట మీదుగా పోయేది. తర్వాత తర్వాత మామూలు దారిలోనే పోవడం మొదలుపెట్టింది. ఎప్పుడు మారిందో నేను గమనించలేదు.

కూనల్లో ఒకటి దక్కలేదు. మేకపాలు అరగలేదు దానికి. మిగిలినవి జావ తాగే ఈడుకు వచ్చాయి. వాటిలో ఆడది ఒకటే ఉంది. నాగర్‌కర్నూల్ దిక్కు నుంచి ముందే మాట చెప్పిపోయిన రైతు దానికోసమే వచ్చాడు. ఇవ్వనని చెప్పింది. మాట తప్పడం మా ఇంట్లో ఎరగం. అయినా ఆ రోజు నేను అడ్డం పడలేదు. ఆయనకు చాయ్ పెట్టి, మగకూనను చూపించి పంపాను.

మా ఇద్దరికీ పడనిది ఒక్కటే మిగిలింది. బడిపిల్లలు కుక్కలు ఎటు పోయాయని అడుగుతూనే ఉన్నారు. 'గుట్టల కాడ ఇడిచిపెట్టిన్రంట' అని మాత్రం చెప్పింది. తాళ్ల వల్లే తల్లికుక్క పోయిందని వాళ్లకు తెలియదు.

"చెప్పు వాళ్లకు" అన్నాను ఒక సాయంత్రం, జావ కలుపుతూ. "కొట్టమంటలేను, తిట్టమంటలేను. చేసిన పనికి ఏమైందో తెల్వాలె గదా. తెలిస్తే ఇంకోసారి చేయరు."

"తెలిస్తే ఇంకోసారి దేనికీ కట్టరు అత్తమ్మా."

"కట్టకపోతే ఏమాయె? కుక్కలకే గదా?"

"కుక్కలకే అనుకుంటున్నరా మీరు?"

నాకు కోపం వచ్చింది. ఆమె మాట నాకు ఒప్పు కాదు, ఇప్పటికీ కాదు. మా అమ్మ నాకు చెప్పేది, చేసినదాని ఫలితం కళ్లతో చూస్తేనే బుద్ధి వస్తుందని. నేను పిల్లలను అట్లాగే పెంచాను. చదువుకున్నవాళ్ల ఆలోచన వేరే ఉంటే ఉండవచ్చు. కానీ ఆమె నాయన కుక్క పోయింది, నాది కాదు. చెప్పే హక్కు ఆమెది. చెప్పకుండా ఉండే హక్కు కూడా ఆమెదే కావచ్చు. ఇది నాకు తేలలేదు.

మొన్న ఆదివారం పిల్లలు గుంపుగా కూనలను చూడడానికి వచ్చారు. కోడలు లోపల గుడ్డలు దులిపి మడతపెడుతోంది. గజ్జికుక్కకు తాడు కట్టిన ఆ ఆడపిల్ల కూనల మధ్య చతికిలబడి నన్ను అడిగింది.

"అవ్వా, వీటి తల్లి ఏది?"

లోపల బట్టలు దులిపే చప్పుడు ఆగింది. నోటిదాకా వచ్చింది నాకు. ఆ పిల్ల కళ్లు నా మీదే ఉన్నాయి. ఆ పిల్ల వేలిని ఆడకూన చీకుతోంది.

"లేదు" అన్నాను.

"ఏడికి పోయింది?"

"చేతులు కడుక్కున్నవా నువ్వు? గలీజు చేతులు వాటి నోట్లో పెడితే జరం వస్తది. లెవ్వు. అందరు లెవ్వుండ్రి."

పిల్లలు లేచి తొట్టి దగ్గరికి పరుగెత్తారు. చెంబుతో ఒకరి చేతుల మీద ఒకరు నీళ్లు పోసుకుంటున్నారు. నీళ్లు ఒలకబోయొద్దని అరిచాను.